జేబులో చుట్టుచూపు: బీదర్ మీదుగా కుశనూర్ దాకా

జేబులో పట్టే పనోరమా కెమెరాకు ముందు, వెనక అనే తేడా లేదు. టీవీ రిమోట్ అంత ఒంటికి రెండు పక్కలా ఉబ్బెత్తుగా రెండు లెన్సులు ఉంటాయి. ఒక్కొక్కటీ 180 డిగ్రీల కన్నా కాస్త ఎక్కువే చూస్తుంది. మీట ఒక్కసారి నొక్కితే నేల, నింగి, నాలుగు దిక్కులు, నొక్కిన మనిషితో సహా అన్నీ ఒకే ఫోటోలో పడతాయి. దుకాణాల్లో, యూట్యూబ్‌లో దీని పేరు త్రీసిక్స్‌టీ కెమెరా, మన మాటలో చుట్టుకెమెరా. దీన్ని అమ్మేవాళ్ళు ఎప్పుడూ హిమాలయాలనూ స్కీయింగ్‌నూ చూపిస్తారు గానీ, కొన్నవాళ్ళు ఎక్కువగా తీసేది పుట్టినరోజు విందు, గుడి మెట్లు, స్నేహితుల గుంపు. అలాంటి రోజువారీ ఫోటోలకు ఇది ఎంతవరకు పనికొస్తుందో తేలాలంటే హైదరాబాదు నుంచి బీదర్ మీదుగా ఔరాద్ వైపు కుశనూర్ దాకా వెళ్ళే దారి చాలు. గుమ్మటాలు, ఇరుకు సందులు, పగిలిన గోడలు, వాటి తర్వాత కనుచూపు మేర నల్లరేగడి. ఈ కెమెరాకు నచ్చేవీ నచ్చనివీ రెండూ ఒక్క రోజు ప్రయాణంలోనే ఎదురవుతాయి.

చుట్టూ ఉన్నదంతా ఒకే బొమ్మలో చూడాలన్న కోరిక ఫోటోగ్రఫీ కన్నా పాతది. ఐర్లండ్‌లో పుట్టిన రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు 1787లో గుండ్రటి గోడ మీద చుట్టూ బొమ్మ గీసి, చూసేవాళ్ళను మధ్యలో నిలబెట్టే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. 1793లో లండన్‌లో అందుకోసమే ఒక గుండ్రటి భవనం లేచింది. దక్కన్‌కు ఈ వినోదంలో వాటా త్వరగానే దక్కింది. 1799లో టిప్పు సుల్తాన్ పతనం జరిగితే, మరుసటి ఏడాదికే రాబర్ట్ కెర్ పోర్టర్ శ్రీరంగపట్నం ముట్టడిని అర్ధచంద్రాకారపు పెద్ద తెర మీద గీసి లండన్ జనానికి టికెట్ పెట్టి చూపించాడు. అతను శ్రీరంగపట్నం మొహం చూసినవాడు కాదు. ఆ తర్వాతి శతాబ్దంలో లెన్సు అటూ ఇటూ తిరిగే కెమెరాలు వచ్చాయి. 1899లో మొదలైన కొడాక్ పనోరామ్ అలాంటిదే. వాటిలో ఏదీ చుట్టూ ఉన్నదాన్ని ఒక్క క్షణంలో పట్టలేదు. తిరగడానికి సమయం పట్టేది, ఆలోగా మనుషులు కదిలేవాళ్ళు. 2012 చివర్లో ఆండ్రాయిడ్ ఫోన్లలోకి వచ్చిన ఫోటో స్ఫియర్‌కూ ఇదే కష్టం. నెమ్మదిగా చుట్టూ తిరుగుతూ ముక్కలు ముక్కలుగా తీస్తే ఫోన్ వాటిని అతికించేది. నడిచిపోతున్న మేకకు ఆరు కాళ్ళు వచ్చేవి.

ఆ కష్టం 2013లో తీరింది. రికో సంస్థ ఆ ఏడాది సెప్టెంబరులో థీటా అనే కెమెరాను ప్రకటించింది. బరువు 95 గ్రాములు. లెన్సుల వెనక చిన్న పట్టకాలు పెట్టి, లోపలికొచ్చే కాంతిని 90 డిగ్రీలు మళ్ళించడంతో ఒళ్ళు సన్నబడింది. ఆ సన్నదనంలోనే కిటుకంతా ఉంది. రెండు లెన్సుల మధ్య దూరం ఎంత తగ్గితే రెండు బొమ్మలూ అంత చక్కగా అతుకుతాయి. 2015లో థీటా ఎస్, 2016లో బంతి ఆకారపు శాంసంగ్ గేర్ 360, 2018 నుంచి చైనాలోని షెన్‌జెన్ సంస్థ ఇన్‌స్టా360 వారి ఎక్స్ వరుస కెమెరాలు వచ్చాయి. చూపించే వేదికలు కూడా ఆ రోజుల్లోనే సిద్ధమయ్యాయి. యూట్యూబ్ 2015లో ఇలాంటి వీడియోలకు, ఫేస్‌బుక్ 2016 జూన్‌లో ఇలాంటి ఫోటోలకు తలుపు తీశాయి. ఫోన్‌ను అటూ ఇటూ తిప్పితే ఫోటో తిరగడం అప్పట్లో పెద్ద వింత. ఆ వింత మోజు చాలావరకు తగ్గిపోయింది, అది మంచికే. వింత పోయాకే పని కనిపిస్తుంది.

హైదరాబాదు నుంచి బీదర్‌కు సుమారు 140 కిలోమీటర్లు. సంగారెడ్డి, సదాశివపేట దాటి ముంబై రోడ్డు మీద జహీరాబాద్ చేరి, అక్కడ కుడివైపుకు మళ్ళాలి. రైలైతే వికారాబాద్ మీదుగా వెళ్తుంది. ఈ దారిలో రాష్ట్రం మారినట్టు బోర్డులు చెబుతాయి గానీ మాట చెప్పదు. 1956 నవంబరు 1 దాకా జహీరాబాద్, నారాయణఖేడ్ కూడా బీదర్ జిల్లాలోవే. హైదరాబాద్ రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ రెండు తాలూకాలు మెదక్‌కు వచ్చాయి, బీదర్, భాల్కి, హుమ్నాబాద్, ఔరాద్ అప్పటి మైసూరుకు వెళ్ళాయి, ఉద్‌గీర్ వైపు ఊళ్ళు మరాఠీ ప్రాంతంలో కలిశాయి. అందుకే ఒకే సంతలో కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగూ వినిపిస్తాయి.

కారు కిటికీలోంచి ఈ కెమెరా వాడి లాభం లేదు. సగం ఫోటో కారు లోపలే ఉంటుంది, బయటి పొలాలు సన్నటి చారలా మిగులుతాయి. కారులో కూర్చున్నవాళ్ళను తీయడానికి మాత్రం ఇంతకు మించినది లేదు. ముందు సీట్ల మధ్య పట్టుకుంటే డ్రైవరు, వెనక నిద్రపోతున్న పిల్లలు, అద్దంలోంచి దారి, అన్నీ వస్తాయి. ఈ చిన్న తేడాలోనే ఈ కెమెరా స్వభావం ఉంది. దూరంగా ఉన్నదాన్ని ఇది చిన్నబుచ్చుతుంది, చుట్టూ దగ్గరగా ఉన్నదాన్ని ఆదరిస్తుంది.

కారణం లెక్కలో ఉంది. థీటా ఎస్ తీసే ఫోటో వెడల్పు 5376 పిక్సెళ్ళు. అది 360 డిగ్రీలకు పంచితే డిగ్రీకి 15 చొప్పున వస్తుంది. మామూలు 12 మెగాపిక్సెళ్ళ ఫోన్ కెమెరా 4032 పిక్సెళ్ళను దాదాపు 70 డిగ్రీల్లోనే పెడుతుంది, అంటే డిగ్రీకి 55 పైమాటే. చుట్టూ తీసిన ఫోటోలోంచి 90 డిగ్రీల ముక్క కోసుకుంటే చేతికి దక్కే వెడల్పు 1344 పిక్సెళ్ళు. ఫోన్ తెర మీద చూడటానికి సరిపోతుంది, గోడకు కట్టించుకోవడానికి చాలదు. 2022లో వచ్చిన ఇన్‌స్టా360 ఎక్స్3 లాంటివి 72 మెగాపిక్సెళ్ళు తీస్తాయి. వాటి వెడల్పు 12 వేల పిక్సెళ్ళ దాకా ఉంటుంది కాబట్టి అదే ముక్క మూడు వేలకు చేరుతుంది. అయినా ఫోన్‌తో సమానం కాదు. డబ్బా మీద రాసిన మెగాపిక్సెళ్ళను చూసి మోసపోయేవాళ్ళు ఈ భాగహారం ఒకసారి చేసుకోవాలి.

బీదర్ పాత ఊళ్ళో మహమూద్ గవాన్ మదరసా ఈ లెక్కను కళ్ళకు కడుతుంది. బహమనీ సుల్తానుల మంత్రి గవాన్ 1472లో దీన్ని కట్టించాడు. 1696లో మందుగుండు పేలి ముందువైపు సగం కూలిపోయింది, రెండు మినార్లలో ఒకటే మిగిలింది. ఆ మినారు ఒంటి మీద నీలం, ఆకుపచ్చ, పసుపు పెంకుల అలంకారం ఇంకా అక్కడక్కడా మెరుస్తుంటుంది. రోడ్డు పక్క నిలబడి చుట్టుకెమెరాతో తీస్తే మినారు ఒక వేలంత అవుతుంది, పెంకుల రంగులు మచ్చలవుతాయి. దానికి ఫోనే మేలు. మదరసా లోపలి వాకిట్లోకి వెళ్ళి మధ్యలో నిలబడితే సంగతి మారిపోతుంది. మూడు పక్కలా మూడంతస్తుల గదుల వరుసలు, నాలుగో పక్క కూలిన ఖాళీ. పేలుడు ఎటు కొట్టిందో ఏ ఒక్క దిక్కు ఫోటో చెప్పదు, చుట్టూ తిప్పి చూసినవాడికి వెంటనే అర్థమవుతుంది.

బీదర్ కోటలో సెల్ఫీ స్టిక్కు పని పడుతుంది. రెండు లెన్సులకూ సరిగ్గా మధ్యలో, కెమెరా మందం వెంబడి, ఏ లెన్సుకూ కనిపించని సన్నటి జాగా ఒకటి ఉంటుంది. కర్ర ఆ జాగాలో ఒదిగిపోతుంది కాబట్టి ఫోటోలో కర్ర ఉండదు, పిడికిలి మాత్రం గాలిని పట్టుకున్నట్టు ఉంటుంది. మూడు మీటర్ల కర్ర ఎత్తి పట్టుకుంటే చిన్న డ్రోన్ ఎగరేసినంత ఎత్తు దొరుకుతుంది. బీదర్‌లో ఇది చిన్న సౌకర్యం కాదు. ఊరి పక్కనే వాయుసేన స్థావరం ఉంది, సూర్యకిరణ్ విన్యాస బృందం ఇక్కడే 1996లో పుట్టింది. అలాంటి చోట డ్రోన్ మాట ఎత్తకూడదు. అసలు స్థావరం దరిదాపుల్లో చుట్టుకెమెరాను కూడా బయటికి తీయకపోవడమే క్షేమం. మామూలు కెమెరాను వేరే వైపు తిప్పుకోవచ్చు, దీనికి వేరే వైపు అంటూ లేదు.

పురావస్తు శాఖ కాపలాలో ఉన్న కట్టడాల ఆవరణలో ఫోటోలు తీసుకోవడానికి 2018 నుంచి మూడు నాలుగు చోట్ల తప్ప ఎక్కడా పెద్ద అడ్డు లేదు. ట్రైపాడ్ పెట్టాలంటే మాత్రం ముందుగా అనుమతి కావాలి. అదే శాఖ మ్యూజియంలలో సెల్ఫీ స్టిక్కులను 2016లోనే నిషేధించింది. కాబట్టి కర్ర తీసేముందు కాపలాదారుని ఒక మాట అడగడం మర్యాదా, తెలివీ కూడా.

ఊరికి పడమట, బహమనీల తర్వాత బీదర్‌ను ఏలిన బరీద్ షాహీల సమాధులున్న తోటలో అలీ బరీద్ సమాధి ఉంది. 16వ శతాబ్దపు ఈ కట్టడానికి నాలుగు వైపులా ఎత్తైన తెరిచిన కమానులే, గోడలు మూసుకోవు. కెమెరాను నడుమన పెడితే నాలుగు కమానుల్లోంచి నాలుగు తోట ముక్కలు, పైన గుమ్మటం, కింద సమాధి రాయి. కొలిచి కట్టించినట్టు ఫోటో వస్తుంది. ఇక్కడ కొత్తవాళ్ళకు ఎదురయ్యే ఇబ్బంది వెలుతురు. లోపల నీడ, బయట మండే ఎండ. ఒక ఎక్స్‌పోజరుతో రెండింటినీ పట్టడం ఏ చిన్న సెన్సరుకూ సాధ్యం కాదు. కమానులు తెల్లగా తేలిపోతాయి, లేదా గుమ్మటం నల్లగా మునిగిపోతుంది. కెమెరాలోని హెచ్‌డీఆర్ రకరకాల ఎక్స్‌పోజర్లు తీసి కలుపుతుంది గానీ ఆ కాసేపు కెమెరా కదలకూడదు. మిట్టమధ్యాహ్నం మానేసి, పొద్దు వాలినప్పుడు వస్తే సగం సమస్య తానే పోతుంది.

అష్టూరు బీదర్‌కు తూర్పున రెండు మూడు కిలోమీటర్ల దూరం. బహమనీ సుల్తానుల సమాధులు పొలాల మధ్య వరుసగా నిలబడి ఉంటాయి. బీదర్ కట్టడాల మీద గులాం యజ్దానీ రాసిన పెద్ద పుస్తకం 1947లో వెలువడింది. ఈ సమాధుల గురించి ఇప్పటికీ అందరూ వెళ్ళి వెతికేది దాన్నే. రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కు మార్చిన అహ్మద్ షా వలీ సమాధి లోపలి గోడలూ పైకప్పూ రంగులతో, బంగారు అక్షరాలతో నిండి ఉంటాయి. ఈ సుల్తానును ముస్లింలు వలీగా, లింగాయతులు అల్లమప్రభువుగా కొలుస్తారు. హోళీ పోయాక జరిగే ఉర్సుకు ఇద్దరూ వస్తారు. లోపల వెలుగు చాలా తక్కువ. చేత్తో పట్టుకుని తీస్తే ఫోటో అదురుతుంది, గోడలు మసకబారతాయి, ఫ్లాష్ ఎలాగూ వాడకూడదు. చుట్టుకెమెరా ఆశ పెట్టి నిరాశపరిచే చోటు ఇది. కళ్ళతో చూసి బయటికి రావడమే ఉత్తమం.

పక్కనే హుమాయూన్ షా సమాధి దీనికి పూర్తిగా విరుద్ధం. పిడుగు పడి గుమ్మటం నిలువునా చీలిపోయింది, సగం మిగిలింది. లోపల నిలబడితే ఒక వైపు గుమ్మటపు కడుపు, మరో వైపు ఖాళీ ఆకాశం. కట్టడం మందం ఎంతో, ఇటుకల వరుసలు ఎలా వంగాయో తెగిన అంచులో స్పష్టంగా కనబడుతుంది. బీదర్ మొత్తంలో ఈ కెమెరాకు ఒక్క ఫోటో మాత్రమే తీసే అవకాశం ఉంటే అది ఇక్కడే తీయాలి.

ఔరాద్ దారి ఉత్తరానికి, సుమారు 40 కిలోమీటర్లు. బీదర్ పీఠభూమి ఎర్రటి జంబిట్ట రాయి. దాన్ని దిగి మంజీర వంతెన దాటేసరికి నేల రంగు నల్లబడుతుంది. కంది, సోయా, జొన్న, మినుము, పెసర చేలు. దేవని జాతి పశువులు ఈ ప్రాంతానివే, లాతూరు, ఉద్‌గీర్ వైపు ఎంతగా కనిపిస్తాయో ఇక్కడా అంతే. కుశనూర్ ఈ నల్ల నేలల ఊరు. పర్యాటక పుస్తకాల్లోకి ఎక్కిన పేరు కాదు, గుమ్మటాల కోసం ఎవరూ ఇంత దూరం రారు. చేల మధ్య నిలబడి చుట్టుకెమెరా మీట నొక్కితే పైన సగం ఆకాశం, కింద సగం మట్టి, నడుమ ఊరు చిన్న గీతలా వస్తుంది. ఫోటోను ముడిచి గుండ్రటి బుల్లి భూగోళంలా చేసే ఆట యాప్‌లో ఉంటుంది. మొదటిసారి అందరూ నవ్వుతారు, మూడోసారి ఎవరూ చూడరు.

ఇంత తేలిపోయిన కెమెరా ఇదే ఊరి చేలల్లో ఎళ్ళ అమావాస్య నాడు తన పనితనం చూపిస్తుంది. మార్గశిర మాసపు చివరి రోజున, డిసెంబరులోనో జనవరిలోనో, బీదర్, కలబురగి, లాతూరు జిల్లాల్లో, ఇటు జహీరాబాద్, నారాయణఖేడ్ పల్లెల్లో రైతు కుటుంబాలు ఇల్లు తాళం వేసి చేనుకు కదులుతాయి. జొన్న దంటుతో చిన్న గుడిసె కట్టి, అయిదు రాళ్ళను పాండవులుగా నిలిపి పూజ చేస్తారు. నైవేద్యాన్ని చేను చుట్టూ తిరుగుతూ చల్లడాన్ని చరగ అంటారు. ఆ తర్వాత సజ్జ రొట్టెలు, కొత్త పప్పుగింజలూ ఆకుకూరలూ కలిపి వండిన భజ్జీ, చల్లటి అంబలి. చుట్టాలు, స్నేహితులు, పట్నం నుంచి వచ్చినవాళ్ళు అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుంటారు.

గుండ్రంగా కూర్చున్నవాళ్ళను మామూలు కెమెరాతో తీయడం ఎప్పుడూ అన్యాయమే. సగంమంది వీపులు వస్తాయి, లేదా అందరినీ లేపి వరుసలో నిలబెట్టాలి, తీసేవాడు ఎలాగూ ఉండడు. చుట్టుకెమెరాను వలయం నడుమ చిన్న కర్ర మీద, కూర్చున్నవాళ్ళ ముఖాల ఎత్తులో నిలిపి, టైమర్ పెట్టి లేదా ఫోన్‌తో నొక్కితే అందరూ ఎదురుగానే ఉంటారు. ఎవరూ వెనక లేరు, ఎవరూ అంచున లేరు. కొన్ని జాగ్రత్తలు తప్పవు. రెండు లెన్సులు కలిసే చోట అతుకు పడుతుంది. ఆ గీత మీద ఎవరి ముఖమైనా ఉంటే, అదీ మీటరు లోపు దగ్గరగా ఉంటే, చెవి రెండవుతుంది లేదా చెంప మాయమవుతుంది. అందుకని ఒక లెన్సు ఇంటి పెద్దావిడ వైపు సూటిగా తిప్పి, అతుకు ఇద్దరు మనుషుల మధ్య ఖాళీలో పడేటట్టు చూసుకోవాలి. వలయం కాస్త పెద్దదిగా, కెమెరాకు ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉండాలి. కింద పరచిన ఆకులూ గిన్నెలూ ఫోటో అడుగున సాగినట్టు వస్తాయి, వాటిని విడిగా ఫోన్‌తో తీసుకోవడం మంచిది. ఉబ్బెత్తు లెన్సుకు మూత సరిగా ఉండదు కాబట్టి రేగడి దుమ్ము అంటుకుంటుంది. మెత్తటి గుడ్డ ఒకటి జేబులో ఉండాలి, కెమెరాను నేల మీద ఎప్పుడూ పడుకోబెట్టకూడదు.

తీసిన ఫోటో పంపడం దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఫైలు నిజానికి ఎత్తుకు రెండింతల వెడల్పున్న పలక. ప్రపంచ పటంలో ధ్రువాలు సాగినట్టే ఇందులో నేలా నింగీ సాగి ఉంటాయి. ఇది చుట్టుఫోటో అని చెప్పే గుర్తు ఫైలు లోపల రాసి ఉంటుంది. ఫేస్‌బుక్ ఆ గుర్తు చదివి ఫోటోను తిప్పి చూపిస్తుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, గుర్తు చెరిగిపోతుంది, చుట్టాలకు వంకర పలక చేరుతుంది. డాక్యుమెంటుగా పంపితే ఫైలు చెడకుండా వెళ్తుంది, అవతలివాళ్ళ దగ్గర చూసే యాప్ ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్ చుట్టుఫోటోను తిప్పి చూపించదు. అక్కడ పెట్టాలంటే ఫోటోలోంచి ఒక ముక్క కోసి పెట్టాలి, లేదా అమ్మమ్మ ముఖం నుంచి మొదలై వలయమంతా తిరిగే చిన్న రీల్ చేయాలి. రీలే బాగా పనిచేస్తుంది. చూసేవాళ్ళు తమంతట తాము వేలితో తిప్పి చూస్తారనుకోవడం అత్యాశ.

మరో వేదిక గూగుల్ మ్యాప్స్. 2022 జులైలో స్ట్రీట్ వ్యూ దేశంలోకి మళ్ళీ వచ్చినప్పుడు మొదట చేరినవి హైదరాబాదుతో కలిపి పది నగరాలు, వాటిలో బీదర్ లేదు. మ్యాప్స్‌లో ఎవరైనా చుట్టుఫోటో పెట్టవచ్చు. ఊరు విడిచి దుబాయిలోనో పుణేలోనో ఉన్నవాడికి తన ఊరి చావడి అలా దొరికితే అది ఏ రీల్ కన్నా విలువైనదే.

అయితే చావడిలో కూర్చున్నవాళ్ళను అడగకుండా తీయకూడదు. మామూలు కెమెరా ఎవరి మీద గురిపెట్టారో వాళ్ళకు తెలుస్తుంది, కావాలంటే పక్కకు తప్పుకుంటారు. చుట్టుకెమెరా గురి ఎవరికీ తెలియదు. బావి దగ్గర నీళ్ళు తోడే ఆడవాళ్ళు, బడి పిల్లలు తమకు తెలియకుండానే బొమ్మలో ఉంటారు. కెమెరా చేతికిచ్చి, అందులో తాము ఎలా పడ్డారో ఫోన్ తెర మీద తిప్పి చూపించాక చాలామంది సరే అంటారు. వద్దన్నవాళ్ళ ముఖం మసక చేయాలి, లేదా ఆ దిక్కు వదిలి మిగతా ముక్క మాత్రమే పెట్టాలి.

కొనాలనుకునేవారికి ఒక మాట. కట్టడాల కోసం, పొలాల అందం కోసం ఈ కెమెరా అక్కర్లేదు, చేతిలో ఉన్న ఫోను చాలు. ఇంట్లో గుండ్రంగా కూర్చుని తినే సందర్భాలు ఏడాదికి నాలుగైనా ఉంటే, అద్దెకో అరువుకో తెచ్చి ఒక పండక్కి వాడి చూసి, ఆ తర్వాతే డబ్బు పెట్టండి.